కూర్మారావు కూతురి తలనొప్పి

కరోనా గొడవ సద్దుమణిగి రెండేళ్లు గడిచిన వేసవి అది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ప్రభుత్వాసుపత్రి డయాలసిస్ వార్డులో నేను స్టాఫ్ నర్సుగా ఉన్నాను. మాది విజయనగరం. ఉద్దానం పోస్టింగ్ అనగానే మా వాళ్లు ‘అక్కడి నీళ్లు తాగకు’ అని మరీ మరీ చెప్పి పంపారు. అక్కడ కొబ్బరి తోటలెన్ని ఉన్నాయో, కిడ్నీ రోగులున్న ఇళ్లూ అన్ని ఉన్నాయి. ఎందుకొస్తోందో గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు. నీళ్ల వల్లేనని ఊళ్లో నమ్మకం.

డయాలసిస్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పాడైన కిడ్నీలు చేయాల్సిన పని మిషను చేస్తుంది. రక్తాన్ని శుభ్రం చేసి, ఒంట్లో పేరుకున్న నీటిని లాగేస్తుంది. అందుకే రోగి రాగానే ముందు బరువు చూస్తాం. ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువుని డ్రై వెయిట్ అంటారు. దాని మీద ఎంత పెరిగితే అంత నీరు లాగాలి. మా లెక్కలో కిలో అంటే లీటరు. ఎక్కువ నీళ్లు తాగి వస్తే ఆయాసం, కాళ్ల వాపు, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి రోగుల నోట పొద్దస్తమానం వినబడే మాట దాహం. నా నోట వచ్చే మాట తాగొద్దు. వెనకాల నన్ను ‘నీళ్ల పోలీసు’ అని పిలుచుకునేవారు. పిలుచుకోనీ, నాకేం?

ఆ వార్డు మొత్తం మీద నేను కేకలేయనక్కర్లేని మనిషి కూర్మారావు ఒక్కడే. ఆయనకి కొద్దిగా కొబ్బరి తోట, జీడిమామిడి. వారానికి మూడుసార్లు వచ్చేవాడు. ఎప్పుడు చూసినా బరువు అదుపులోనే ఉండేది. ‘ఎలా ఓర్చుకుంటున్నావయ్యా?’ అని అడిగితే, ‘మా ఇంట్ల నా ముందర ఎవులూ నీళ్లు తాగరమ్మా. సూస్తే గదా మనసు పీకేది’ అనేవాడు. మంచి కుటుంబం అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

ఆయన్ని తీసుకొచ్చేది కూతురు ఢిల్లేశ్వరి. ఇరవై దాటిన పిల్ల, సన్నగా, పొడుగ్గా ఉండేది. కానిస్టేబుల్ రాతపరీక్ష మొదటి మెట్టు దాటింది. తర్వాతది ఈవెంటు, అంటే పరుగు పరీక్ష. పదహారువందల మీటర్లు గడువులోగా పరుగెత్తాలి. తండ్రిని పొద్దున్నే డయాలసిస్ మంచం ఎక్కించి, ఆసుపత్రి పక్కనున్న కాలేజీ మైదానానికి పోయి ప్రాక్టీసు చేసేది. ఆయన మిషను దిగేలోపు తిరిగొచ్చేది.

ఒకరోజు వరండాలో తల పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. నేను చూస్తుండగానే లేచి కాలువ దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకుంది.

‘ఏటే, ఏటయ్యింది నీకు?’ అన్నాను.

‘ఏటీ నేదు సిస్టరమ్మా. ఎండ.’

‘సూర్యుడు ఇంకా కొబ్బరిచెట్లు దాటలేదు. ఎండెక్కడిది?’

తల దించుకుంది. ఆ తర్వాత వచ్చిన రోజూ అంతే. గట్టిగా పరుగెత్తిన రోజునల్లా తల పగిలిపోయేది, కడుపులో తిప్పేది. మెల్లగా పరుగెత్తిన రోజు మాత్రం బాగానే ఉండేది. మూడోసారి నేను మందుల ట్రే పట్టుకుని వెళ్తుంటే, చున్నీ చాటున ఏదో బిళ్ల నోట్లో వేసుకుంటోంది. చెయ్యి పట్టుకుని లాగాను. నొప్పి బిళ్లల స్ట్రిప్పు. సగం ఖాళీ.

నాకు నిజంగా ఒళ్లు మండింది. నొప్పి బిళ్లలు కిడ్నీలకి ముప్పు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మరీ ముప్పు. ఆ వార్డు గుమ్మంలో నిలబడి ఒక పిల్ల వాటిని బఠాణీల్లా మింగుతుంటే ఊరుకోవడం నా వల్ల కాలేదు.

‘లోపలికి పద. బీపీ చూస్తాను, రక్తం ఇవ్వాలి’ అన్నాను.

‘టెస్టులొద్దు.’

‘ఎందుకొద్దు?’

నా చెయ్యి పట్టుకుని గుమ్మానికి దూరంగా లాగింది. తర్వాత లోపల మంచం మీదున్న తండ్రికి వినబడకుండా చెప్పింది. ‘మా నాన్నకీ ముందర ఇలగే వచ్చినాది సిస్టరమ్మా. తలనొప్పి, వాంతులు. నాకు తెల్దేటి? జబ్బని కాయితం మీద పడిపోతే నాకు పోలీసు ఉద్యోగం ఎవులిస్తారు? బైటపడీలోగా ఉద్యోగం కొట్టీసాలి. నా జీతం ఉంటే మా నాన్నని విశాఖపట్నం తీసుకెళ్లి సూపిస్తాను.’

అదీ సంగతి. ఆ పిల్ల తనకి జబ్బు వచ్చేసిందనే నిర్ణయించేసుకుంది. అది బయటపడేలోగా గీత దాటాలని పరుగెడుతోంది. నాకు జాలేసింది, కోపం కూడా తగ్గలేదు.

‘ఒసే, నా మాట విను. నీకు జబ్బే ఉందనుకో, ఈ బిళ్లలతో దాన్ని పెంచుతున్నావు. లేదనుకో, లేని దాన్ని కొని తెచ్చుకుంటున్నావు. ఎలా చూసినా నీకే నష్టం. రక్తం ఇవ్వకుండా ఈ వరండా దాటి ఎలాగ ఎల్తావో నేనూ సూస్తాను’ అన్నాను. కోపమొస్తే నాకూ మా ఊరి భాషే వస్తుంది.

చెయ్యి చాపింది.

బీపీ మామూలుగానే ఉంది. మా డాక్టరమ్మ తలనొప్పి గురించి చాలా అడిగింది. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వస్తుందా, మెడ పట్టేస్తుందా, చూపు మసకబారుతుందా, స్పృహ తప్పావా అని. అలాంటివేమీ లేవు. పరుగు తర్వాత మొదలై సాయంత్రానికి తగ్గిపోతుంది. కానీ రక్తపరీక్షలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువ వచ్చింది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే పరీక్ష అది. ఉద్దానంలో ఆ పేరు బడికి పోని ముసలమ్మకి కూడా తెలుసు.

‘ఇప్పుడే పరుగెత్తి, వాంతి చేసుకుని ఇచ్చిన రక్తం ఇది. ఒంట్లో నీళ్లు లేవు. దీన్నిబట్టి జబ్బు ఉందనలేం. వారం పాటు పరుగు ఆపి, బిళ్లలు మానేసి, నీళ్లు సరిగా తాగి మళ్లీ ఇవ్వమ్మా’ అంది డాక్టరమ్మ.

ఢిల్లేశ్వరి చెవికి ఆ మాటలేవీ ఎక్కలేదు. ఎక్కువ అన్న ఒక్క మాటే ఎక్కింది.

తర్వాతి సారి కూర్మారావుని ఆయన భార్య దాలమ్మ తీసుకొచ్చింది. ఆయన్ని మిషను మీదకి ఎక్కించాక, ‘పిల్లేది?’ అని అడిగాను.

‘మూలన కూకున్నాదమ్మా. బూట్లు అటక మీద పడీసింది. తిండి నేదు, మాట నేదు’ అంది దాలమ్మ.

‘నీళ్లన్నా తాగుతోందా?’

‘మా అందరితోటి పాటే తాగుతాది.’

‘అందరితో పాటు అంటే?’

దాలమ్మ నన్ను వింతగా చూసింది. ‘ఆయనకి మీరు సెప్పిన లెక్కే. ఆయన నీళ్లు కొలిసే సెంబు ఉన్నాది కదా, ఆయనకొక సెంబు, నాకొక సెంబు, దానికొక సెంబు. ఆయన నోరు ఎండగట్టుకుంతుంటే మేం గటగటా తాగీగలమా? కూర కూడా అంతే. ఉప్పు ముట్టుకోం. ముగ్గురికీ ఒకటే సప్పిడి కూర.’

నా చేతిలో బీపీ కఫ్ అలాగే ఉండిపోయింది. మేం ఆయన కోసం కొలిచి చెప్పిన నీళ్లు, ఆయన కోసం తగ్గించిన ఉప్పు. అదే తిని, అన్నే తాగి ఆ పిల్ల ఉద్దానం ఉక్కలో రోజూ మైదానం చుట్టూ చెమటలు కక్కుతోంది. తల పగిలిపోదా మరి?

మంచం మీంచి కూర్మారావు అంతా విన్నాడు. ‘ఏటే, ఆ గుంట కూడా సెంబుడేనా?’ అన్నాడు భార్యతో. గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

‘ఎన్నోసార్లు తాగమన్నాను. నాన్న తాగినన్నే నాను తాగుతాను అంతాది. ఏటి సెయ్యను?’

కూర్మారావు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

పిల్లని పంపమని రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నేను వదిలే రకం కాదు. మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగి ఆటో ఎక్కి వాళ్ల ఊరికే వెళ్లాను. పెంకుటిల్లు, వెనక తోట. ఢిల్లేశ్వరి నన్ను చూసి లేచి నిలబడింది.

‘జబ్బు ఉందో లేదో నాకు తెలియదు. నీకూ తెలియదు. వారం ఆగితే ఇద్దరికీ తెలుస్తుంది. ఈ వారం నువ్వు దాహం తీరా నీళ్లు తాగాలి, ఉప్పున్న కూర తినాలి. దాలమ్మా, దీనికి వేరే వండు’ అన్నాను.

దాలమ్మ అడ్డం తిరిగింది. ‘ఓలమ్మ, ఇంట్ల రెండు కుండలా? వేరు కుండ ఎప్పుడు పెడతారు సిస్టరమ్మా? అన్నదమ్ములు వేరుపడితే పెడతారు. మనిషి బతికుండగా ఆయన కుండ ఆయనకి వేరుగా పెట్టీమంటారేటి? నా సేత్తో నాను పెట్టను.’

ఆమె మొండితనం అనుకోవడానికి లేదు. ఆ ఇళ్లలో కుండ వేరైతే మనుషులు వేరైనట్టే. భర్తని మంచాన పడేసి మేం మా కూర వండుకుంటున్నాం అని చాటినట్టు ఉంటుందని ఆమె బాధ. క్రియాటినిన్ గురించి చెబితే ఆమెకేం ఒరుగుతుంది?

కూర్మారావు అరుగు మీంచి లేచాడు. పెరట్లోకి పోయి ఒక బొండం తెచ్చి రాయి మీద పెట్టాడు. కత్తి తీశాడు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండెకి ప్రమాదం. ఆయనకి అది ఒక్క గుక్క కూడా కూడదు. అందుకే తోట నిండా కాయలున్నా ఆ ఇంట్లో బొండం కొట్టడమే మానేశారు.

ఆయన ఎడమచేతికి ఫిస్టులా ఉంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసే ఆపరేషన్ అది. ఆ చేతికి దెబ్బ తగలకూడదు, బరువు మొయ్యకూడదు.

‘కూర్మారావూ, ఏ చేత్తో కొడుతున్నావు?’ అని అరిచాను.

‘కుడిసేత్తోనేనమ్మా. ఎడం సెయ్యి మీది కదా, నాను ముట్టుకోను’ అన్నాడు.

బొండం చెక్కి కూతురి ముందు పెట్టాడు. ‘నాను తాగకూడదన్నారు. కొట్టకూడదని ఎవులూ సెప్పనేదు. తాగు.’

‘నువ్వు సూస్తుండగా నా గొంతు దిగదు నాన్నా.’

‘నాను సూస్తుండగానే తాగాల. నాను ఆ మిషను మీద కూకుంతన్నది ఎందుకనుకున్నావు? నువ్వు పరుగెట్టి గెలిస్తే సూడాలని. నువ్వు కూడా ఆ మంచమెక్కితే నాకింకెందుకే ఈ సూదులు?’

ఢిల్లేశ్వరి ఏడుస్తూనే తాగింది. దాలమ్మ లోపలికి వెళ్లి అటక మీంచి ఇంకో గిన్నె దించింది.

వారం తర్వాత రిపోర్టు మామూలుగా వచ్చింది. డాక్టరమ్మ కొన్నాళ్లాగి మరోసారి చేయించింది. అదీ మామూలే. ఢిల్లేశ్వరి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ చదివింది. నా చేతులు పట్టుకుని వదల్లేదు.

అయితే కాగితం చూసి సంబరపడితే తలనొప్పి పోదు కదా. పరుగు మళ్లీ మొదలుపెట్టిన రోజు మా వార్డు బరువు మిషనే ఎక్కించాను, పరుగుకి ముందొకసారి, తర్వాతొకసారి. కిలోకి పైగా తగ్గింది. ‘చూశావా, లీటరు పైనే చెమటలో పోయింది. మీ నాన్న ఒంట్లోంచి అన్ని నీళ్లు లాగాలంటే మా మిషను గంటకి పైగా తిరగాలి’ అన్నాను. రోగుల నుంచి తీయాల్సిన నీళ్లు లెక్కగట్టే మిషను మీద, ఒక మనిషికి పోయాల్సిన నీళ్లు లెక్కగట్టడం నాకదే మొదలు.

పరుగుకి ముందు ఉప్పేసిన చోడంబలి, అంటే రాగి అంబలి. మధ్యలో కొంచెం కొంచెం నీళ్లు. అయిపోయాక ఉప్పు మజ్జిగ. ఒక్కసారిగా చెంబులకి చెంబులు ఉత్త నీళ్లు ఎత్తి పోసుకోవద్దనీ, అదీ ప్రమాదమేననీ గట్టిగా చెప్పాను. రాగానే బాణంలా దూసుకుపోకుండా ముందు ఒళ్లు వేడెక్కించుకోమన్నాను. తలనొప్పి ఒక్కరోజులో పోలేదు. అంబలి తాగకుండా పరుగెత్తిన ఒక ఉక్కపోత పొద్దున మళ్లీ వచ్చింది, నా చేత తిట్లూ పెట్టించింది. తర్వాత రాలేదు.

ఆ కేసు నుంచి నేను నేర్చుకున్నది ఒకటే. కొత్త రోగి రాగానే ఆయనకి పెట్టాల్సిన తిండి, నీళ్లు చెప్పడంతో నా పని అయిపోదు. వెంట వచ్చిన వాళ్లని కూర్చోబెట్టి ‘మీరేం తింటున్నారు? మీరెన్ని తాగుతున్నారు?’ అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతాను. ప్రేమ కొద్దీ నోరు కట్టుకున్నవాళ్లు నాకు ఆ తర్వాత కూడా కొన్ని ఇళ్లలో కనిపించారు.

ఈవెంటు రోజు ఢిల్లేశ్వరి శ్రీకాకుళం వెళ్లింది. కూర్మారావుకి ఆవేళ డయాలసిస్. మానేసి తోడు వెళ్తానన్నాడు, నేను కేకలేసి మంచం ఎక్కించాను. ఆయన కళ్లు నా ఫోను మీదే ఉన్నాయి. చివరికి అది మోగింది.

‘దాటీసాను సిస్టరమ్మా. గడువుకి ముందరే’ అంది. ఇంకా రొప్పుతోంది.

‘తలనొప్పి?’

‘నేదు.’

‘కడుపులో తిప్పుతోందా?’

‘ఏటీ నేదు. దాహమేస్తంది.’

ఏళ్ల తరబడి ఆ వార్డులో ఆ మాటకి నేను చెప్పింది ఒకటే జవాబు. ఆవేళ ఫోను చెవి నుంచి తీసి కూర్మారావు వైపు తిరిగాను.

‘ఏటంతంది?’ అన్నాడు కూర్మారావు, ఎడమచెయ్యి కదపకుండా తల మాత్రం ఎత్తి.

‘గెలిచింది. దాహమేస్తోందట.’

ఆయన తల మళ్లీ దిండు మీద ఆన్చాడు.

‘తాగమని సెప్పు సిస్టరమ్మా’ అన్నాడు. ‘నా వాటా కూడా దాన్నే తాగమను.’