హైడ్రాంజియా పుల్ల గుచ్చుకున్న కన్ను

ఆషాఢమాసంలో ఒక ఆదివారం పొద్దున ఇంటి వెనక హైడ్రాంజియా పూలమొక్కల కుండీలు శుభ్రం చేస్తుంటే ఒక ఎండుపుల్ల నా కుడికంట్లో గుచ్చుకుంది. పెద్ద దెబ్బ అనిపించలేదు. కొంగుతో అదుముకుని రెండు నిమిషాలు అట్లే కూర్చున్నా. నీళ్ళు కారాయి. తెరిస్తే అన్నీ మామూలుగానే కనిపించాయి. మట్టిచేతులతోనే ఆ కన్ను ఇంకోసారి నులుముకుని, మిగిలిన కుండీ పని కూడా ముగించి లోపలికి వచ్చా.

నా పేరు షమీమ్. మాది ఆళ్లగడ్డ. ఇరవై ఏళ్ళుగా ఇంట్లోనే బ్లౌజులకు మగ్గం వర్క్ చేస్తున్నా. మా ఆయన మస్తాన్ మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు గానీ, శ్రావణం పెళ్ళిళ్ళకు బ్లౌజులన్నీ అప్పుడే వచ్చి పడతాయి. ఆ ఆదివారానికి మగ్గం మీద ఒకటి, పక్కన పద్నాలుగు ఉన్నాయి.

హైడ్రాంజియా పిచ్చి నాకు మా చెల్లెలు నస్రీన్ అంటించింది. దానిది నంద్యాల. వాళ్ళు ఊటీ పోయినప్పుడు అక్కడ ఇంటింటి ముందూ తలకాయంత నీలంపూలు చూసి వచ్చింది. ఇద్దరం కలిసి నంద్యాలలో ఒక నర్సరీకి పోయాం. "మన ఎండకు ఇది నిలబడదు అక్కా, మందారం తీస్కపోండి" అని ఆయన చెప్తూనే ఉన్నాడు. వినలేదు. తలా రెండు మొక్కలు తెచ్చుకున్నాం.

నేను నా రెంటినీ ఉత్తరం గోడ పక్కన పెట్టా. అక్కడ పొద్దున గంటసేపు ఎండ పడి పోతుంది. ఎర్రమట్టి, మాగిన పేడ ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపి, పైన వేరుశనగ పొట్టు పరిచా. మా బోరునీళ్ళకు ఆకులు పసుపు తిరిగితే వాననీళ్ళు పట్టిపెట్టి పోశా. ఎండాకాలం మధ్యాహ్నం ఆకులన్నీ తడిబట్టలాగా వేలాడిపోయేవి, సాయంత్రానికి మళ్ళీ లేచేవి. మొదటి ఏడు చలికాలంలో కొమ్మలన్నీ కత్తిరించేసి పూలే లేకుండా చేసుకున్నా. పాతకొమ్మ చివరే మొగ్గ వస్తుందని అప్పుడు తెలియలేదు. రెండో ఏడు కత్తిరించకుండా వదిలి, నీలంరంగు రావాలని నెలకోసారి పటిక కలిపిన నీళ్ళు పోస్తే, ఒక్కటంటే ఒక్క పువ్వు వచ్చింది. రెండు దోసిళ్ళంత. నీలం కాదు, ఊదా కాదు, మధ్యరంగు. ఆ రంగు పూసలు దొరకక నేను చాలా అంగళ్ళు తిరిగా.

ఎండలు తగ్గాక చచ్చిన కొమ్మలు తీసేయాలి. గోటితో గీకి చూస్తే లోపల పచ్చగా ఉంటే ఉంచాలి, లేకపోతే విరిచేయాలి. ఆ రోజు నేను చేస్తున్నది అదే. అడుగున కుళ్ళిన ఆకులు తీయడానికి వంగా. విరిచి వదిలేసిన మొండిపుల్ల ఎదురుగా ఉంది, చూసుకోలేదు.

సోమవారం కంట్లో ఇసుక పడినట్టుంది. మంగళవారానికి ఎర్రబడింది. మస్తాన్ చూసి, "ఏందది, కన్ను అట్లయింది? ఆసుపత్రికి పోదాం పా" అన్నాడు.

"బ్లౌజులు యాడివాడనే ఉండాయి. ఇప్పుడు ఆసుపత్రి అంటే రోజంతా పోతాది. మెడికల్ షాపులో చుక్కలేవన్నా తీస్కరా" అన్నా.

తెచ్చాడు. తనే వేశాడు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. నేను సంతోషపడి మళ్ళీ మగ్గం ముందు కూర్చున్నా. ఆ రెండు రోజులు నాకు ఎంత నష్టం చేశాయో తర్వాత తెలిసింది.

శుక్రవారం సూదికొన చుట్టూ మంచు పట్టినట్టు కనిపించింది. అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లచుక్క ఉంది. శనివారానికి బల్బు వెలుగు పడితే కంట్లో సూదులు దించినట్టు ఉండేది. ఆదివారం తెల్లారేసరికి సగం తలకాయ పగిలిపోతున్నంత నొప్పి. తడిగుడ్డ కట్టుకుని బస్సెక్కా. నంద్యాల దాకా మస్తాన్ భుజం మీద తల పెట్టుకుని కూర్చున్నా. నస్రీన్ బస్టాండుకే వచ్చి మమ్మల్ని ఆటోలో ఒక కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ మిషన్‌లో గడ్డం పెట్టించి చాలాసేపు చూసింది.

"కంట్లో ఏం పడింది?"

"పుల్ల గుచ్చుకుంది మేడం. పూలచెట్టుది."

"ఎన్ని రోజులైంది?"

"ఎనిమిది."

"ఏం మందు వేసినారు?"

మస్తాన్ జేబులోంచి సీసా తీసి ఇచ్చాడు. ఆమె చదివి బల్ల మీద పెట్టేసింది. "ఇందులో స్టెరాయిడ్ ఉంది" అంది.

"ఎరుపు తగ్గింది గదా మేడం" అన్నాడు మస్తాన్.

"ఎరుపు తగ్గింది. లోపల ఫంగస్‌కు మేత దొరికింది" అంది ఆమె. గొంతు పెంచలేదు. "చెట్టు పుల్ల, ఆకు, వడ్లగింజ, ఏది తగిలినా ముందు అనుమానించాల్సింది ఫంగస్‌నే. స్క్రేపింగ్ చేసి చూస్తా."

మొద్దుబారే చుక్కలు వేసి, సన్నటి బ్లేడుతో ఆ తెల్లమచ్చను గీకి గాజుపలక మీద పూసింది. గంట తర్వాత పిలిచింది. "గీకిన దాంట్లో ఫంగస్ కనిపించింది. ఫంగల్ కార్నియల్ అల్సర్, అంటే నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు. ఇప్పుడే చెప్తాండా, ఇది నిదానంగా తగ్గుతాది, తగ్గకపోవచ్చు గూడా. ఫంగస్‌ను చంపే నటమైసిన్ చుక్కలు గంటగంటకూ వేయాల. సీసా బాగా ఊపి వేయాల. ఒక్క గంట గూడా తప్పకూడదు. రోజుమార్చి రోజు నాకు చూపియ్యాల. ఆళ్లగడ్డ పోవద్దండి."

నస్రీన్ ఇంట్లో వెనకగది నాకు ఇచ్చారు. కిటికీకి దుప్పటి కట్టారు. ఆ గదిలో ఇరవై రెండు రోజులున్నా. నస్రీన్ ఫోన్‌లో గంటగంటకూ అలారం పెట్టుకుంది. అది మోగితే నేను గోడవైపు తిరిగేదాన్ని, ఎందుకంటే ఆ చుక్క పడగానే మంట. తెల్లగా సున్నపునీళ్ళలాగా ఉండే మందు రెప్పల మీద గడ్డకట్టేది. అన్నం సహించేది కాదు. పడుకుంటే నొప్పి, కూర్చుంటే నొప్పి. నమాజుకు వంగితే కన్ను ఊడి కింద పడుతుందేమో అనిపించి, కుర్చీలో కూర్చుని చదివేదాన్ని. ఏం అడగాలో తెలిసేది కాదు. మొదట్లో చూపు ఇవ్వమని అడిగా. తర్వాత నొప్పి తీయమని మాత్రం అడిగా.

వారం రోజులకు మచ్చ అంచులు కొంచెం తగ్గాయి అంది డాక్టరమ్మ. నస్రీన్ ఆ రోజు సేమియా చేసింది. తొమ్మిదో రోజు మళ్ళీ చూపిస్తే మిషన్‌లో ఆమె రెండుసార్లు చూసింది.

"హైపోపియాన్ వచ్చింది. అంటే కంటి లోపల చీము. ఫంగస్ లోతుకు పోయింది. ఇంకో చుక్కలు కలుపుతా, మాత్రలు గూడా. అయినా కన్నుకు రంధ్రం పడే ప్రమాదం ఉంది."

ఆ సాయంత్రం అంగడి మూసి మస్తాన్ ఆళ్లగడ్డ నుంచి వచ్చాడు. రోజూ వచ్చి చూసి పోయేవాడు. మంచం పక్కన కూర్చుని, "ఎట్లుండాది?" అన్నాడు. పదకొండేళ్ళ కాపురంలో ఆయన్ని నేను ఒక మాట అన్నది లేదు. ఆ రోజు అన్నా.

"ఏం తెచ్చి పోసినావ్ నా కంట్లో? నీ చేతుల్తోనే నా కన్ను తీసినావ్."

 ఆయన లేచి వెళ్ళిపోయాడు. నస్రీన్ గుమ్మంలో నిలబడి, "ఆపా, తెమ్మనింది నువ్వు గదా" అంది. "బయటికి పో" అన్నా దాన్ని కూడా.

మరుసటి రోజు ఆయన రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పక్కింటి లక్ష్మీదేవి నస్రీన్‌కు ఫోన్ చేసి చెప్పింది. మస్తాన్ నా హైడ్రాంజియా మొక్కలు రెంటినీ వేళ్ళతో పెరికి, కుండీలు పగలగొట్టి, ఆ మట్టిలోనే కూర్చున్నాడంట. అన్నం తెచ్చిపెట్టినా తినలేదంట. మూడేళ్ళు పెంచిన చెట్లు. వాటి కోసం ఏడుపు రాలేదు. ఆ ఇంట్లో ఆయన ఒక్కడే అట్లా కూర్చోవడం తలుచుకుంటే వచ్చింది. ఏడిస్తే కంట్లో ఉప్పు పడినట్టు మంట. ఏడవడానికి కూడా నాకు వీల్లేదు.

నిజం ఒప్పుకుంటా. ఆ రోజుల్లో తెల్లారకుండా ఉంటే బాగుండు అనుకున్నా. పదిహేడో రోజు డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని, "ఈ కన్ను తీసేయండి మేడం. నాకొద్దు. ఇంకో కంటితో బతుకుతా" అన్నా.

ఆమె తన స్టూలు దగ్గరికి జరుపుకుంది. "తీసేయడం ఎప్పుడైనా చేయొచ్చు. ఒక దారి మిగిలుంది. హైదరాబాదుకు రాసిస్తా. పాడైన కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పొర, మొత్తం కోసి తీసి, చనిపోయినవాళ్ళు ఇచ్చింది కుడతారు. చూపు కోసం కాదు, కన్ను నిలబెట్టడం కోసం. చూపు సంగతి తర్వాత" అంది.

"ఎవరిదో కన్ను వచ్చేదాకా ఈ నొప్పితో ఉండాల్నా?"

"ఉండాల. ఇంకొన్ని రోజులు."

ఇంకొకరి ఇంట్లో చావు జరిగితే తప్ప నాకు వైద్యం లేదు. అది తలుచుకుంటే సిగ్గేసేది. అయినా ఫోన్ మోగితే అదేనేమో అని ఎదురుచూశా.

ఇరవై రెండో రోజు కంట్లోంచి వేడినీళ్ళు ఒక్కసారిగా కారాయి. నొప్పి కొంచెం తగ్గింది. బాగవుతోంది అనుకున్నా. నస్రీన్ డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "పర్ఫరేషన్, కన్నుకు రంధ్రం పడింది. కన్ను నొక్కొద్దు, తొందరగా బయల్దేరండి" అంది. నేను ఆ మాట అన్నాక రాని మస్తాన్, నస్రీన్ ఫోన్ చేస్తే వెంటనే వచ్చేశాడు. గుమ్మంలో నా సంచి పట్టుకుని నిలబడ్డాడు. పన్నెండు రోజుల గడ్డం. "పా" అన్నాడు, అంతే. హైదరాబాదు దాకా కారు వెనక సీట్లో నా తల ఆయన ఒళ్ళోనే ఉంది.  కర్నూలు దాటాక ఆయన చెయ్యి నా నుదుటి మీద పెట్టాడు. నేను తీయలేదు.

అక్కడ ఆ రాత్రే కెరటోప్లాస్టీ, అంటే కార్నియా మార్చే ఆపరేషన్, చేశారు. కార్నియా దొరికింది. ఎవరిదో చెప్పరు. పదహారు కుట్లు వేశారంట. మూడో రోజు కట్టు విప్పితే ముందు కనిపించింది ఏమీ లేదు, తెల్లటి పొగ మాత్రం. అయితే నొప్పి లేదు. నొప్పి లేకపోవడం ఎట్లుంటుందో నేను మర్చిపోయి ఉన్నా. మంచం మీదే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చా. ఈసారి మంట పుట్టలేదు.

"ఫంగస్ మళ్ళీ రాకుండా చూడాలి. ఆరు నెలలు మాకు టెన్షనే" అన్నాడు అక్కడి సర్జన్. నెల తర్వాత అంచులో మళ్ళీ తెల్లగా కనిపించి మళ్ళీ చుక్కలు మొదలుపెట్టారు. అది తగ్గింది. కుట్టిన కార్నియా మాత్రం నిలవలేదు, మసకబారింది.

ఇప్పటికి ఏడాదిన్నర దాటింది. కుడికంటితో చెయ్యి కదిలితే తెలుస్తుంది, వేళ్ళు లెక్కపెట్టలేను. ఇంకో ఆపరేషన్ చేస్తే చూపు రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. పేరు రాయించుకున్నా. మగ్గం వర్క్ పోయింది. ఒక కంటితో సూది ఎంత దూరంలో ఉందో తెలియదు. గుడ్డ మీద అనుకుంటే గాలిలో పొడుస్తుంది. ఆ పద్నాలుగు బ్లౌజులూ ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేశాం. చీరలకు ఫాల్ కుడుతున్నా, అది కూడా నిదానంగా. కొన్ని రోజులు బాగానే గడుస్తాయి. కొన్ని రోజులు మగ్గం చెక్కలను చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చుండిపోతా.

మస్తాన్‌ను నేను క్షమాపణ అడిగా. "నువ్వన్నది అబద్ధమేం కాదులే" అన్నాడు. నిజం కూడా కాదు. ఆసుపత్రికి పోదాం పా అన్నది ఆయన. వద్దన్నది నేను. ఇప్పటికీ రాత్రి చుక్కలు ఆయనే వేస్తాడు. వేసే ముందు సీసా మీది పేరు ప్రతిసారీ పైకి చదువుతాడు.

నస్రీన్ దగ్గర ఒక హైడ్రాంజియా బతికి ఉంది. పోయిన వానాకాలం దాని లేతకొమ్మ రెండు కణుపులకు కోసి, పెద్ద ఆకులు సగానికి కత్తిరించి, ఇసుకలో నాటి ఇచ్చింది. వేరు పట్టింది. కుండీ దగ్గరికి పోయేటప్పుడు అద్దాలు పెట్టుకుంటా. ఎండుపుల్లలు నేను ముట్టను.

పోయిన నెల లక్ష్మీదేవి జొన్న కోసి వచ్చింది. ఎడమకన్ను ఎర్రగా ఉంది, చేతిలో కొత్త చుక్కల సీసా ఉంది. "ఆకు తగిలిందిలే షమీమ్, ఇది వేస్తే పోతాదంట. కొంచెం వేస్తావా?" అంది. ఆ సీసా లాక్కుని నా దగ్గరే పెట్టుకున్నా. "కోత ఉంది, రేపు పోతా" అని మొత్తుకుంటున్నా వినకుండా, ఉన్న చీరతోనే నంద్యాల బస్సు ఎక్కించి, పక్కన నేనూ కూర్చున్నా. స్క్రేపింగ్‌లో ఆమెకు కూడా ఫంగసే వచ్చింది. మూడు వారాలు నటమైసిన్ వేశాం. మచ్చ మిగిలింది, చూపు మిగిలింది. మొన్న మా వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరింది.

మీకు చెప్పేది కూడా ఇంతే. చెట్టుది ఏది కంట్లో తగిలినా, చిన్నదైనా, ఎరుపు తగ్గుతున్నట్టున్నా, మెడికల్ షాపు చుక్కలు వేయొద్దు. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పోండి. కూర్చోగానే, అడక్కముందే, ఏం తగిలిందో చెప్పండి.