మోతీ మువ్వలు

నిన్న గోపన్‌పల్లిలో, మా పాప గుర్రపు స్వారీ నేర్చుకునేచోట, నానిన ఉలవల వాసన రాగానే మోతీ గుర్తొచ్చింది. లింగంపల్లిలో మనల్ని బడికి తీసుకెళ్లిన టాంగా గుర్రం, దోస్తులూ, మీకూ గుర్తుందా? కాలు విరిగాక అది మళ్లీ కనిపించలేదు. "ఊరికి పోయింది బిడ్డా, గడ్డి మేస్తున్నది," అన్నాడు మా నాన్న నా చెయ్యి పట్టుకుని. దాని మువ్వల పట్టీ మాత్రం టాంగాకు కట్టిన కొత్త గుర్రం మెడలో మోగింది. నేనేమీ అడగలేదు.

పాప క్యారెట్లు పట్టుకుని రాజా కోసం వెతికింది. పోయిన వారం నుంచి ఆ గుర్రం కుంటుతోంది.

"రాజా ఊరికి పోయిండు బేటా. ఆడ మస్తు గడ్డి ఉంటది," అన్నాడు ట్రైనర్.

పాప గోడకు వేలాడుతున్న కళ్లెం చూసింది.

"మరి ఇది తీసుకుపోలేదేం, అంకుల్?"

ఆయన నావైపు చూశాడు. నిజం చెప్పాలో వద్దో తేల్చుకోలేక పాప చెయ్యి పట్టుకున్నాను. నా చెయ్యి చల్లబడింది; మోతీ ఊరికి పోయిందని చెప్పిన రోజు నాన్న చెయ్యి కూడా ఇలాగే చల్లగా ఉంది.