చక్కెర వేయని గరిజెలు

ప్రేమల చేసే గరిజెల సంగతి బీదరులో ఎవరినడిగినా చెబుతారు. అడగకపోతే ఇంకా ఎక్కువ చెబుతారు. ఆ గరిజెల డబ్బా పట్టుకుని హైదరాబాదు బస్సెక్కిన ఒకాయన మన్నాఏఖేళ్ళి దగ్గర మూత కొంచెం జరిపాడట. ఆ వాసనకు డ్రైవరు బస్సు ఆపాడు, కండక్టరు టికెట్లు ఆపాడు, వెనక సీట్లో పసివాడు ఏడుపు ఆపాడు. హైదరాబాదులో దిగేసరికి ఆయన చేతిలో డబ్బా ఉంది, మూత ఉంది, మధ్యలో ఏమీ లేదు. ఆ బస్సు నంబరెంతని అడిగేవాళ్ళు బళ్ళో ఎక్కువ చదువుకున్నవాళ్ళు; వాళ్ళను పట్టించుకోనవసరం లేదు.

ఇంత గొప్ప గరిజెల్లో లోపం ఒక్కటే. వాటిని చేయడానికి ప్రేమల కావాలి.

ఆమె పుట్టింది మంగళగి అనే పల్లెలో. మోటార్లకు వైండింగ్ చేసే రాజేశ్‌ను పెళ్ళాడి బీదరులో చర్చి వెనక గల్లీకి వచ్చింది. కొత్త కోడలిగా మొదటి క్రిస్మస్‌కు నాలుగు గరిజెలు ఎక్కువ చేయడమే ఆమె చేసిన తప్పు. మైదాపిండి పల్చగా ఒత్తి, ఎండుకొబ్బరి, రవ్వ, నువ్వులు, చక్కెర కలిపి లోపల నింపి, అంచుల్ని వేళ్ళతో జడలా అల్లి నూనెలో వదిలింది. ఆ నాలుగూ ఒక పళ్ళెంలో పెట్టి రిబ్కాకు పంపింది. రిబ్కా స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. అప్పుడూ ఆమే, ఇప్పుడూ ఆమే. ఎన్నిక జరగ్గా చూసినవాళ్ళెవరూ లేరు. ఒక గరిజె కొరికి, ప్రార్థనలో లాగా కళ్ళు మూసుకుని, "నీ చేతిల దేవుడు ఏదో పెట్టిండు బిడ్డా" అంది.

ప్రేమల ఆ రోజు ఎంత మురిసిపోయిందంటే, ఆ మాట వెనకాల గొళ్ళెం పడిన చప్పుడు ఆమెకు వినబడలేదు.

మరుసటి ఏడు రిబ్కా తన ఇంటి పిండి పంపింది. ఆ మరుసటి ఏడు గల్లీ అంతా పంపింది. ఆ తర్వాత సంఘమంతా పంపింది. ప్రేమల వంటింటికి గల్లీ వైపు ఇనుప ఊచల కిటికీ ఉంది. డిసెంబరు వచ్చిందంటే ఆ ఊచల మధ్య నుంచి పిండి సంచులు, కొబ్బరి చిప్పలు, చక్కెర పొట్లాలు లోపలికి వస్తాయి. గరిజెలు, అచ్చుతో నూనెలో వేసిన గులాబీ పువ్వులు బయటికి పోతాయి. ప్రేమల మాత్రం అటూ ఇటూ ఎటూ పోదు. కిటికీ అవతల నుంచి చూసేవాళ్ళకు ఆమె టికెట్లిచ్చే మనిషిలా కనబడుతుంది, కాకపోతే ప్రయాణం ఎప్పుడూ ఎదుటివాళ్ళదే.

చివరికి నక్షత్రాలు కూడా ఆమె పొయ్యి మీదే వేలాడుతున్నాయి. క్యారల్స్ గుంపుకు పెద్ద సంజు. ఢోలక్ వాయిస్తాడు, వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితాలు అంటించి నక్షత్రాలు కడతాడు. తన నక్షత్రం చూసి పైన వైమానిక దళపు శిక్షణ విమానమొకటి దారి తప్పి చర్చి చుట్టూ చక్కర్లు కొట్టిందని అతనే చెబుతాడు కాబట్టి నమ్మాల్సిందే. ఆ కాగితాలు అంటాలంటే మైదా ఉడికించిన జిగురు కావాలి. చల్లారితే గడ్డకడుతుంది. కాబట్టి కిటికీ దగ్గరికొచ్చి, "అక్కా, జర ఉడుకుడుకుది" అంటాడు.

డిసెంబరు మొదటి ఆదివారం పాస్టరు అయ్యగారు తప్పకుండా మార్త, మరియల ప్రసంగం చేస్తారు. ప్రభువు ఇంటికి వస్తే మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాట వింది; మార్త వంట పనుల్లో పడి తొందరపడింది; మరియ ఉత్తమమైనదాన్ని ఎంచుకుంది. అది చెప్పి, "మనకూ ఉంది ఒక మార్తమ్మ" అని ప్రేమల వైపు చూస్తారు. సంఘం నవ్వుతుంది. ప్రేమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వుతుంది. ఆరాధన అయ్యాక నవ్విన వాళ్ళంతా వరసగా వచ్చి పిండి సంచులిస్తారు.

ఈ ఏడు మాత్రం ఆమె నవ్వలేదు.

కారణం ఆమె తల్లి రాచమ్మ. మంగళగిలో కొడుకు వీరేశ్ దగ్గర ఉంటుంది. కందిచేను కోతకు ముందు చెవి చూపించుకోవడానికి బీదరు వచ్చింది. కుడి చెవి ఎప్పుడో పోయిందనీ, ఎడమది కూడా మూసుకుపోతోందనీ, రానున్న ఏడు ఏం మిగులుతుందో చెప్పలేననీ డాక్టరు అన్నాడు. రాచమ్మ ఇందులో సగమే విని, పూర్తిగా తలూపింది. బస్టాండులో బస్సెక్కబోతూ కూతురి చెయ్యి పట్టుకుని, "క్యారల్స్ బండి మా ఊరికి వస్తది గద. నువ్వెన్నడు రావేందే? నీ పాట ఇనాలని ఉన్నది" అంది.

ప్రేమలది మంచి గొంతు. పెళ్ళికి ముందు మంగళగిలో క్యారల్స్ పాట ఎత్తుకునేది ఆమే. బీదరు వచ్చాక ఆ గొంతు ప్రెషర్ కుక్కర్‌తో పోటీకే మిగిలింది. క్యారల్స్ జీపు ప్రతి ఏడూ పండుగకు ముందు శనివారం మంగళగి పోతుంది. ప్రతి ఏడూ ఆమె కట్టిచ్చిన డబ్బాలు పోతాయి. ఆమె చేసినవి తల్లి తింటుంది. ఆమె పాట తల్లికి అందదు. వచ్చే ఏడు పోదాంలే అనుకోవడానికి ఇప్పుడు వచ్చే ఏడంటూ లేదు.

రాజేశ్‌తో చెప్పింది. మంచివాడే, కాదనలేదు. పోవచ్చుగానీ శనివారం అంటే పని ముమ్మరంగా ఉండే రోజు కదా, రిబ్కక్కతో ఒక మాట చెప్పమన్నాడు. రిబ్కాతో చెప్పింది. రిబ్కా ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, పాడేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు, ఈ చేతులు ఎక్కడ దొరుకుతాయని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తిట్టి ఉంటే ప్రేమల ఎదురు తిరిగేది. పొగిడింది. పొగిడిన మనిషికి ఎలా ఎదురు తిరగాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

అప్పుడు ఆమెకు ఒక దుర్బుద్ధి పుట్టింది. గరిజెలు చెడితే? చెయ్యి పోయిందనుకుంటారు. చెయ్యి పోతే విడుదల.

రెండో ఆదివారం స్త్రీల సమాజం పంచే గరిజెలకు కొబ్బరి వేసింది, రవ్వ వేసింది, నువ్వులు వేసింది. చక్కెర డబ్బా మూత తీసింది, మళ్ళీ పెట్టేసింది. పొయ్యి ముందే మోకరించి, ప్రభువా, నేనేమీ అబద్ధం చెప్పడం లేదు, వేయాల్సింది వేయడం లేదంతే, క్షమించు అని వేడుకుంది.

ఆరాధన అయ్యాక పళ్ళేలు తిరుగుతుంటే చర్చి వెనక నల్లా దగ్గర నిలబడి చూసింది. రిబ్కా కొరికింది. నమిలింది. నమలడం ఆపింది. ప్రేమల గుండె పైకి లేచింది. అయ్యగారు కొరికారు. ఆయనకు షుగరు జబ్బు. ప్రతి పండుగకూ సగం గరిజె తిని, మిగతా సగాన్ని భార్య చూపుకు జడిసి వదిలేసే మనిషి. ఆయన ఒకటి తిన్నారు. రెండోది తిన్నారు. మూడోది చేతిలో పట్టుకుని మెట్టెక్కి నిలబడ్డారు. ఇన్నేళ్ళలో షుగరు ఉన్నవాళ్ళు కూడా దేవుని బిడ్డలేనని తలచిన మనిషి ఒక్కరే, మన మార్తమ్మ, అన్నారు. సంఘంలో షుగరు ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. అంటే దాదాపు అందరూ. రిబ్కా నాలుక కూడా వెంటనే అందులో ఏదో తీపి వెతికి పట్టుకుంది. ఇక నుంచి ప్రతి ఇంటికీ రెండు రకాలు, తియ్యటివి, సప్పటివి, అని అక్కడికక్కడే నిర్ణయమైపోయింది.

ఇంటికొచ్చాక ప్రేమల మొగుడితో ఉన్నమాట చెప్పేసింది. "ఖరాబు చెయ్యాలనే చేసిన."

రాజేశ్ పగలబడి నవ్వాడు. మరునాడు దుకాణంలో ఆ ముచ్చట చెప్పాడు. సాయంత్రానికి గల్లీ అంతా అదే మాట: ఎంత అణకువ చూడు, మెచ్చుకుంటే పాడుచేశానంటుంది! నిజం చెప్పినా బయటపడలేని చోట చిక్కినవాడికి చెరసాల గోడ వేరే అక్కరలేదు. రెట్టింపు పిండి వచ్చింది. ప్రేమల ఒత్తింది, నింపింది, అల్లింది. ప్రార్థించడానికి కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక కూడా గరిజెలే తేలాయి.

శనివారం మధ్యాహ్నం జీపు వచ్చి కిటికీ ముందు ఆగింది. సంజు నక్షత్రాన్ని పైన కట్టాడు. డబ్బాలు ఎక్కించారు. అయ్యగారు ముందు సీట్లో కూర్చుని, ఊచల్లోంచి చూస్తూ, మార్తమ్మా, ప్రభువు నిన్ను దీవించును గాక అన్నారు.

ప్రేమల చేతిలో జల్లిగరిటె ఉంది. బాండ్లిలో గరిజెలు చిటపటమంటున్నాయి. ఆమె ఊచల దగ్గరికి వచ్చింది.

"అయ్యగారూ, ఒకటడుగుత. మరియ ప్రభువు కాళ్ళకాడ కూసున్నది, సరే. ప్రభువుతోని శిష్యులు గూడ వచ్చిండ్రు గద. వాళ్ళల్ల ఒక్కడన్న లేసి మార్తకు గిన్నె అందిచ్చిండా?"

అందరూ నవ్వారు. మార్తమ్మకు మాట కూడా గరిజె లాగే వచ్చిందన్నారు. సంజు ఢోలక్ మీద ఒక దెబ్బ వేశాడు. అయ్యగారు ఆ జవాబు వెతికి ఆదివారం చెబుతానన్నారు, నవ్వుతూనే.

ప్రేమల వెనక్కి వెళ్ళింది. వాయి తీసేసింది. పొయ్యి ఆర్పింది. నూనె చప్పుడు కొంచెం కొంచెంగా తగ్గి ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ గల్లీ డిసెంబరులో ఆ చప్పుడు లేకుండా మాట్లాడుకోలేదు. నవ్వు దానంతటదే సన్నబడింది. పిండి ముద్ద మీద తడిబట్ట కప్పి, చేతులు కూడా కడుక్కోకుండా వాకిలి దాటి వచ్చింది.

"ఏందమ్మా, డబ్బా ఏమన్న మర్సిపోయినవా?" అంది రిబ్కా.

"లేదక్కా. మా అమ్మకు పాట ఇనిపిచ్చొస్త."

"మరి గంత పిండి? ఎవరు చేస్తరు?"

"తెచ్చినోళ్ళు ఉన్నరు గద."

రాజేశ్ పెళ్ళాం వంకా వంటింటి వంకా మార్చి మార్చి చూశాడు. అయ్యగారు ముందు సీటు దిగి వెనక్కిపోయి ఢోలక్ పక్కన ముడుచుకుని కూర్చున్నారు. ఆ సీట్లోకి ప్రేమల ఎక్కింది.

జీపు ఊరు దాటకముందే ఫోను మోగింది. నూనెలో గరిజెలు నోళ్ళు తెరుస్తున్నాయన్నాడు రాజేశ్. అంచుకు తడి పెట్టి గట్టిగా ఒత్తమంది. మళ్ళీ మోగింది. ఎర్రబడుతున్నాయంది రిబ్కా. మంట తగ్గించమంది ప్రేమల. మళ్ళీ మోగింది. మనిషి జీపులో ఉంది, చేతులు మాత్రం ఆ కిటికీ లోపలే ఉన్నాయి. మన్నాఏఖేళ్ళి బజారులో లారీల మధ్య జీపు ఇరుక్కుంది. ముందుకు లేదు, వెనక్కి లేదు. ఈ ప్రయాణం కూడా ఇంతేనా అనుకుంది. ఫోను మళ్ళీ మోగితే పూర్తిగా ఆపేసి రవికెలో దోపుకుంది.

మంగళగి చేరేసరికి ఎండ చేల మీద ఏటవాలుగా పడుతోంది. జీపు వీరేశ్ ఇంటి ముందు ఆగింది. సంజు ఢోలక్ బిగించుకున్నాడు. ప్రేమల గొంతు సవరించుకుని గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో తమ్ముడున్నాడు, మరదలుంది, పక్కింటి వాళ్ళున్నారు. తల్లి లేదు.

లోపలికి నడిచింది. రాచమ్మ పొయ్యి ముందు ఉంది. పొద్దుటి నుంచి కోడలు ఎంత వద్దంటున్నా వినకుండా, బీదరు నుంచి పాటగాళ్ళు వస్తారని, బాండ్లి పెట్టి మిరపకాయ బజ్జీలు వేస్తోంది. కూతురు వెనక నిలబడిన సంగతి ఆమెకు వినబడలేదు. ప్రేమల భుజం మీద చెయ్యి వేసింది. రాచమ్మ తిరిగి చూసి, ముఖమంతా విచ్చుకుని, "వచ్చినవా బిడ్డా! పో, పో, పాడు. నేనీడికెంచి ఇంట" అంది.

"ఈడికి ఏం ఇనొస్తదమ్మా? బయటికి రా."

"నూనె కాగింది గదనే. వాళ్ళకు తినబెట్టొద్దా? నీ సిన్నప్పుడు గూడ నేను లోపలనే ఉంటుంటి. మస్తుగ పాడింది నీ బిడ్డ అని మంది చెప్పేటోళ్ళు."

బయట ఢోలక్ మొదలైంది. ప్రేమల గ్యాసు ఆపింది. కలిపిన పిండి పాడైపోతుందని రాచమ్మ గట్టిగానే తిట్టింది. తిడుతుండగానే ప్రేమల ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిపించి, ఎడమ చెవి తన వైపు ఉండేలా గడప మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చుంది. శనగపిండి చెయ్యి మైదాపిండి చేతిలో ఉంది. సంజు ఆగి చూశాడు. ప్రేమల పాట ఎత్తుకుంది. మొదట గొంతు బొంగురుగా లేచింది. ఆ తర్వాత దారిలో పడింది.

పశువులపాక, గడ్డి, చలి, పసిబిడ్డ అన్న పాత సంగతులే ఆ పాటలో. రాచమ్మ పెదవులు కదుపుతూ వింది. మూడో చరణంలో వెనక్కి తిరిగి పొయ్యి వైపు చూసి లేవబోయింది.

ప్రేమల పాడుతూనే ఆ చెయ్యి బిగించి పట్టుకుంది. రాచమ్మ మళ్ళీ కూర్చుంది.