తిప్పి, రెండో వైపు

సూరత్ పాండేసరలో బట్టలకు రంగులద్దే ఒక డైయింగ్ మిల్లులో ఇరవై ఏళ్ళు చెకింగ్ టేబుల్ దగ్గర నిలబడ్డాను. బట్టలో మచ్చ కనిపిస్తే అవతలి మనిషితో "తిప్పు" అనేవాణ్ణి. అతను బట్టను బోర్లించి వెనకవైపు చూపేవాడు. అక్కడ ఆ మాటకు ఇంకో అర్థం లేదు. నేను చేసిన తప్పు ఆ మాటతోనే మొదలైంది.

మిల్లు మానేశాక, తెలుగు బాగా రాస్తానని ఒక చిన్న ఆఫీసులో పెట్టుకున్నారు. అక్కడ పిల్లల కోసం ఒక బొమ్మ తయారవుతోంది. పిల్లలు తమ భాషలో "ఇల్లు కట్టు" అంటే, ఏఐ ఏజెంట్ ఆలోచించుకుని, ఒక యంత్రపు చేత్తో ప్లాస్టిక్ ఇటుకలు పేరుస్తుంది. ఆ చెయ్యి ఏమేం చేయగలదో ఏజెంట్‌కు కనపడదు. ఒక్కో పనికి ఒక్కో టూల్ ఉంటుంది. దాని కింద మేం రాసిన వివరణ చదివే తెలుసుకుంటుంది. తెలుగు వివరణలు రాయడం నా పని. ఏజెంట్‌తో ఇళ్ళు కట్టించి అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం ఒక అమ్మాయి పని. ఆమె తండ్రి ఊరి పక్కనే జోల్వాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. ఆమె సూరత్‌లోనే పుట్టి పెరిగింది. నన్ను కాకా అనేది.

ఇటుకను బొడిపెలు పైకే ఉంచి, ఉన్నచోటే పావు చుట్టు తిప్పే టూల్ ఒకటుంది. దానికి నేను రాసిన వివరణ: "ఇటుకను తిప్పి రెండో వైపు చూపిస్తుంది." రాయడానికి నిమిషం పట్టలేదు. చెకింగ్ టేబుల్ భాష అది.

"కాకా, తిప్పుడంటే ఏంది? బట్టను తిప్పినట్టా, గడియారం ముల్లు తిప్పినట్టా?" అంది ఆ అమ్మాయి, అది చదివి.

"చదివితే తెలుస్తలేదా?"

"నాకు తెలుస్తది. మా నాయిన సాంచాల మనిషి. ఏజెంట్‌కు నాయిన ఉన్నడా?"

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. నాకు మండింది. "నీ పని నువ్వు చూస్కో బిడ్డా" అన్నాను.

తన పని తను చూసుకుంది. ఆఫీసు కంప్యూటర్‌లో పరీక్షల ఫైలులో ఇలా రాసింది: "మూలల దగ్గర ఇటుకను అడ్డంగా తిప్పాలి. ఏజెంట్ ఆ టూల్ వాడటమే లేదు. బోర్లించడం అనుకుంటోంది. వివరణ మార్చాలి." ఫైలు మా యజమాని శేఠ్‌కు పంపే ముందు ఆ వరుసను చెరిపేశాను. ఆమె చెబితే మార్చానని అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. అంతకుమించి కారణం లేదు.

మరునాడు కడోదరాలో ఒక స్కూల్లో బొమ్మను చూపించాం. ఏజెంట్ నాలుగు గోడలు కట్టింది. ఇటుకలన్నీ ఒకే దిక్కుకు పడుకున్నాయి. మూలల్లో ఒక గోడను ఇంకో గోడకు పట్టి ఉంచే ఇటుక ఒక్కటీ లేదు. "ఇల్లు పూర్తయింది" అంది. టీచరమ్మ వేలితో తాకగానే గోడలు నాలుగు పక్కలా పడిపోయాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

బయటికి వచ్చాక శేఠ్ అడిగాడు: "టెస్టింగ్ కిస్‌నే కియా?" పరీక్షించింది ఎవరని.

నేను ఆమె వైపు చూపించాను. ఆమె ఫైలు తెరిచి పైనుంచి కిందికి వెతికింది. "కాకా, నేను రాసిన కదా?"

"ఏమో, నేను చూడలేదు" అన్నాను.

ఆ వారమే ఆమెను తీసేశారు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటిస్తోంది. జిగురు ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటాయి. ఈమధ్య ఇంకో ఆఫీసువాళ్ళకు ఆమె పని నచ్చింది. తీసుకునే ముందు మా శేఠ్‌కు ఫోన్ చేశారు. నా అబద్ధాన్ని నమ్మిన ఆయన, ఆ తప్పును ఆమె పట్టుకోనే లేదని వాళ్ళకు చెప్పాడు. సోమవారం ఏ సంగతీ తేలుస్తామన్నారట.

ఇది తెలిసి శేఠ్ దగ్గరికి పరిగెత్తాను. నిజం చెప్పాను. "ఛోడో యార్, పురానీ బాత్", పాత సంగతి వదిలెయ్యమని ఫోన్ చూసుకున్నాడు. కావాలంటే నన్ను తీసెయ్యమన్నాను. నవ్వాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. లోపలికి రానివ్వలేదు. ఇక ఆ రెండో ఆఫీసుకే ఉత్తరం రాసుకుని, హిందీలోకి మార్చే ముందు ఆమెకు చూపించాను.

ఒళ్ళో చీర పక్కకు పెట్టి పైకి చదివింది. "'వివరణలో పొరపాటు జరిగింది. ఫైలులోని గమనిక తొలగిపోయింది.' తొలగిపోయిందా? దానికేమన్న కాళ్ళొచ్చినయా కాకా?"

కాగితం కోసం చెయ్యి చాపాను.

"మల్ల గట్లనే రాస్తున్నవ్. ఎవ్వరు చేసిన్రో చెప్తలేవు. గాళ్ళు గూడ ఏజెంట్ లెక్కనే, నువ్వు రాసిందే చదువుతరు."

ఆ కాగితం చించేశాను. ఆమె ముందే మళ్ళీ రాశాను. ఆ వివరణ రాసింది నేను. అది తప్పని ఆమె నాకు నోటితో చెప్పింది, ఫైలులో కూడా రాసింది. ఆమె రాసిన వరుసను చెరిపింది నేను. చూడలేదని అబద్ధం చెప్పింది నేను.

ఇవాళ సోమవారం. పొద్దుటి నుంచి ఆ ఆఫీసు మెట్ల మీదే ఉన్నాను. ఇది కూడా ఇక్కడే రాస్తున్నాను. ఏం పనని వాచ్‌మన్ అడిగాడు. ఒక అమ్మాయి మీద అబద్ధం చెప్పాను, అది అబద్ధమని చెప్పిపోవడానికి వచ్చాను అన్నాను. అతను ఉత్తరం తీసుకుని లోపలికి పంపాడు.

నన్నింకా పిలవలేదు.