ఓదార్ అంటే పరాయిది

మా అత్తగారి నోట ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు బాధేమీ కలగలేదు. పెళ్ళికి ముందు, అమెరికాలోని గ్లెండేల్‌లో వాళ్ళింటికి తొలిసారి వెళ్ళిన రోజది. ఆవిడ నాకు చిన్న కప్పులో కాఫీ ఇచ్చి, కొడుకు వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అంది. అందులో "ఓదార్" అన్న ముక్క ఒక్కటే నా చెవికి అందింది. గుంటూరు పిల్లని కదా, ఓదార్పు లాంటిదేదో అనుకున్నాను. భయపడకమ్మా అంటోందనుకుని ఆవిడకేసి చూసి నవ్వాను. ఆవిడ మొహం తిప్పుకుంది.

కారెక్కాక నా కాబోయే భర్తని అడిగాను. స్టీరింగ్ మీద కాసేపు వేళ్ళతో దరువేసి, "పరాయిది అని అర్థం. అర్మేనియన్లు కానివాళ్ళందరూ ఓదార్లే. నిన్ను ప్రత్యేకంగా ఏమీ అన్లేదు" అన్నాడు.

ఆవిడ చెడ్డది కాదు. అదే నాకు కష్టమైంది. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆవిడ తల్లి అనాథాశ్రమంలో పెరిగింది. టర్కీలో అర్మేనియన్లని ఊచకోత కోసినప్పుడు తన వాళ్ళెవరూ మిగల్లేదు. సొంత ఊరి పేరు కూడా ఆ పిల్లకి సరిగ్గా తెలియదట. తర్వాత లెబనాన్‌లో, బీరూట్‌లో స్థిరపడ్డారు, అక్కడ యుద్ధం వస్తే ఇక్కడికి వచ్చారు. పెళ్ళైన కొత్తల్లో ఒకరోజు వంటింట్లో ఇద్దరం ఉల్లిపాయలు తరుగుతుంటే ఆవిడే అంది, ఇంగ్లీషులో, నెమ్మదిగా: "నీ మీద నాకు కోపం లేదు. కానీ మేం కొద్దిమందిమి. ఒక్కొక్కళ్ళూ బయటివాళ్ళని చేసుకుంటూ పోతే, మమ్మల్ని చంపినవాళ్ళు వదిలేసిన పనిని మా పిల్లలే పూర్తి చేసినట్టవుతుంది."

నేను కళ్ళు తుడుచుకుని ఇంకో ఉల్లిపాయ తీసుకున్నాను.

మా ఇంట్లోనూ గొడవ జరిగింది. కానీ మా అమ్మ ఏడుపంతా చుట్టాలకి ఏం చెప్పాలా అని. మా పెద్దమ్మకి, మేనమామలకి చెప్పడం అయిపోయాక అమ్మ తేరుకుంది. తెలుగువాళ్ళు కోట్లమంది ఉన్నారు, నేనొక్కదాన్ని లెక్క తప్పితే భాషకేమీ కాదు. అత్తగారి దుఃఖం అలాంటిది కాదు. దానితో వాదించి గెలవలేం, గెలవాలనీ అనిపించదు. నేను అత్తగారిని, మా ఆయన పిలిచినట్టే, "మామా" అని పిలిచేదాన్ని. వాళ్ళ భాషలో అమ్మ అని. మా అమ్మ ఫోన్‌లో విని, "అత్తగారిని పట్టుకుని మామా అంటావేమిటే, మతి పోయిందా?" అని గోల పెట్టింది. ఆ ఒక్క విషయానికి మాత్రం అత్తగారూ నేనూ కలిసి నవ్వుకున్నాం.

ఆ తర్వాత ఏళ్ళన్నీ వివరాలు చెప్పుకోవడంతోనే గడిచాయి. తెలుగు పార్టీలకి వెళ్తే, "రుమేనియానా, అర్మేనియానా?" అనేవాళ్ళు. "మీ వారు సాంబారు తింటారా?" అనేవాళ్ళు. వాళ్ళ చర్చికి వెళ్తే ఒక పెద్దాయన నన్ను మెక్సికో మనిషిననుకుని ప్రతిసారీ స్పానిష్‌లో మాట్లాడేవాడు. కొన్నాళ్ళు సరిదిద్దాను. తర్వాత నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కలతోనే జవాబు చెప్పేదాన్ని.

మాకు ఒకతే కూతురు. దానికి నడక వచ్చినప్పట్నించీ శనివారం అర్మేనియన్ బడి, ఆదివారం తెలుగు క్లాసు. శనివారం బడికి తీసుకెళ్ళాల్సింది మా ఆయన. చిన్నప్పుడు ఆ బడిలో బెత్తం దెబ్బలు తిన్న మనిషి, మళ్ళీ ఆ గేటు దాటనని చెప్పి తప్పుకున్నాడు. వారమంతా ఆస్పత్రి ల్యాబ్‌లో నిలబడి, శనివారం పొద్దున్నే నేనే డ్రైవ్ చేసేదాన్ని. బయట బెంచీ మీద మిగతా తల్లులతో కూర్చునేదాన్ని. వాళ్ళ కబుర్లు మొదట చప్పుడు మాత్రమే. తర్వాత తర్వాత అర్థం కావడం మొదలైంది. నేర్చుకోవాలని పట్టుబట్టిందేమీ లేదు. వానలో కూర్చుంటే తడిసినట్టు తడిశాను.

అత్తగారు నన్ను ఓదార్ అనడం మానలేదు. కానీ ఈస్టర్‌కి ముందు ఉపవాసాల్లో మాంసం లేకుండా ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి చేసే వంటకాన్ని, మాంసం ముట్టని నా కోసం ఏడాది పొడుగునా చేసేది. బల్ల మీద పెట్టి, "ఇది ఓదార్‌కి" అనేది. ముద్దో, విసుగో నాకు ఎప్పటికీ తెలియలేదు.

మా అమ్మాయి చదువయ్యాక ఉద్యోగంలో చేరింది. రెండేళ్ళ క్రితం ఒక అబ్బాయిని ఇంటికి తీసుకొచ్చింది. అర్మేనియన్ అబ్బాయి. అత్తగారి సంతోషానికి హద్దు లేదు. మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి మూడు రకాల స్వీట్లు చేసింది. ఒక ఆదివారం అబ్బాయి తల్లిదండ్రులు భోజనానికి వచ్చారు.

భోజనం బాగానే జరిగింది. నేను కాఫీ ట్రే పట్టుకుని వంటింట్లోంచి వస్తున్నాను. అబ్బాయి తల్లి అత్తగారి వైపు వంగి, వాళ్ళ భాషలో, నాకు రాదనుకుని కాబోలు, మామూలు గొంతుతోనే అంది: "పిల్ల బంగారం. కానీ తల్లి ఓదార్. రేపు వీళ్ళకి పుట్టేవాళ్ళు ఎవరనిపించుకుంటారు?"

మా అమ్మాయి చెంచా కింద పెట్టేసింది. నేను గుమ్మంలో ఆగిపోయాను. మా ఆయన గోడకేసి చూస్తున్నాడు.

అత్తగారు నీరసంగా, తగవు పెట్టుకునే ఓపిక కూడా లేనట్టు అంది: "ఆ మాట నేనూ అన్నాను. ఈ ఇంట్లోనే, ఏళ్ళ తరబడి అన్నాను. దాని వల్ల ఒక్క అర్మేనియన్ కూడా ఎక్కువ పుట్టలేదు. నేను అలిసిపోయాను. నీకు ఓపికుంటే నువ్వు అనుకో. నా బల్ల దగ్గర మాత్రం వద్దు."

కాఫీ చల్లారిపోతోందని నేనే వెళ్ళి కప్పులు పెట్టాను. "ఇంకొంచెం స్వీటు వేసుకోండి" అని ఆవిడతో వాళ్ళ భాషలోనే అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. నేను దెప్పాలని అనలేదు, ఆ క్షణానికి నోటికి వచ్చిన భాష అదే.

ఆ రోజు నేను పొంగిపోవాల్సింది. వాళ్ళు వెళ్ళాక సింకు దగ్గర నిలబడి వెతుక్కున్నాను, సంతోషం ఎక్కడైనా ఉందా అని. ఎన్నేళ్ళ కిందటో రావాల్సిన మాట ఇప్పుడొచ్చింది, అంతే అనిపించింది. అత్తగారు వెనక నుంచి వచ్చి, "ఆ పెద్ద గిన్నె నానబెట్టు, రుద్దకు" అని వెళ్ళి పడుకుంది.

తర్వాత పెళ్ళి మాటలు మొదలయ్యాయి. అబ్బాయి తల్లికి చర్చి కావాలి, హోమం వద్దు. మా అమ్మ గుంటూరు నుంచి వీడియోలో, "కనీసం మూడు ముళ్ళయినా వేయించవే" అంటుంది. అత్తగారికి ఏ ఫాదర్ చేయించాలన్నదే బెంగ. అందరికీ సర్దిచెప్పే పని మళ్ళీ నాదే. ఒక సాయంత్రం మా అమ్మాయి నా మంచం మీదకొచ్చి పడుకుంది.

"అమ్మా, తెలుగు పార్టీలో ఆంటీలు, 'నువ్వు తెలుగులా లేవు' అంటారు. చర్చ్‌లో, 'మీ మదర్ ఏంటి?' అని అడుగుతారు. ఎవరు అని కాదు, ఏంటి అని. నా పెళ్ళిలో కూడా ఆ క్వశ్చన్‌కి ఆన్సర్ చెప్పాలా? నేను డన్ అమ్మా, ఇంక నా వల్ల కాదు. కౌంటీ ఆఫీస్‌కి వెళ్ళి రిజిస్టర్ మ్యారేజ్ చేసేసుకుంటాం."

నేను వద్దనలేదు. సరే అని దాని తల నిమిరాను. అత్తగారు వారం పాటు మా ఎవరితోనూ మాట్లాడలేదు. ఇన్నాళ్ళకి ఇంట్లో ఒక అర్మేనియన్ పెళ్ళి అనుకుంటే, చర్చే లేకుండా పోయింది.

అయినా పెళ్ళి రోజున అత్తగారు వచ్చింది. నల్ల గౌను వేసుకుని, నా చెయ్యి పట్టుకుని ఆ ఆఫీసు మెట్లెక్కింది. కాగితాల మీద సంతకాలైపోయాయి, అంతే పెళ్ళి. అబ్బాయి తల్లి వరండాలో గోడకి ఆనుకుని ఏడుస్తుంటే టిష్యూ ఇచ్చాను. తీసుకుంది. పిల్లలు నూడుల్స్ తినాలన్నారు, అందరం వెళ్ళి తిన్నాం. అత్తగారు ఫోర్కు అడిగి తెప్పించుకుని రెండోసారి కూడా వడ్డించుకుంది.

తిరుగు దారిలో ఫ్రీవే మీద కార్లు కదలడం లేదు. మా ఆయన వెనక సీట్లో నిద్రపోయాడు. అత్తగారు నా పక్కన కూర్చుని బూట్లు విప్పుకుంటూ అడిగింది.

"మీ వాళ్ళలో పిల్లని పంపేటప్పుడు ఏం చేస్తారు?"

"అప్పగింతలని ఉంటాయి మామా. అల్లుడి చేతుల్లో పెట్టి, తల్లి బాగా ఏడుస్తుంది."

"నువ్వు ఏడవలేదే?"

"తర్వాత ఏడుస్తానేమో. ఇప్పుడు చేతకావడం లేదు."

ఆవిడ సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకుంది. "సరే. ఆ ఏసీ కొంచెం తగ్గించు" అంది.