మైసూరు నీళ్లు, మర్రిగూడ గుట్టలు

వానలు పడని ఏడాది, అరవై అయిదులో, సుక్కమ్మకు తన బిడ్డ కాళ్ల మీద అనుమానం మొదలైంది. యాదలక్ష్మికి అప్పుడు మూడేళ్లు దాటాయి. పరుగెత్తేటప్పుడు పిల్ల మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేవి. నిలబెట్టి పాదాలు దగ్గరికి చేర్చమంటే మోకాళ్లు ముందు తగులుకునేవి, పాదాలు ఎడంగానే ఉండిపోయేవి. సుక్కమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజుకు నాలుగుసార్లు ఏదో ఒక సాకుతో పిల్లను గోడ పక్కన నిలబెట్టి చూసుకునేది. పొద్దున చూస్తే బాగానే ఉన్నట్టుండేది. సాయంత్రానికి మళ్లీ అనుమానం వచ్చేది.

మర్రిగూడ చుట్టుపక్కల పల్లెల్లో కాళ్లు వంగిన మనుషులు కొత్త కాదు. అత్త బక్కమ్మ నడుము ఒంగిపోయి నేలను చూస్తూ నడిచేది. భర్త గుర్వయ్యకు ముప్పై అయిదేళ్లు నిండలేదు, పక్కకు చూడాలంటే మెడ తిరగక మనిషంతా తిరగాల్సి వచ్చేది. కింద కూర్చుంటే లేవలేడు. అందుకని గొర్రెల వెంట పోయినవాడు పొద్దంతా కర్ర మీద ఆనుకుని నిలబడే ఉండేవాడు. గాలి సోకిందని కొందరు, వాతమని కొందరు అనేవారు. ఎవరేమన్నా ఆ ఊళ్లో అందరూ ఉన్న మూడు బావుల నీళ్లే తాగేవారు.

చివరికి సుక్కమ్మ పిల్లను చంకన వేసుకుని బస్సెక్కి పట్నం దవాఖానకు పోయింది. డాక్టరు పిల్ల మోకాళ్లు నొక్కి చూశాడు, పళ్లు చూశాడు, ఏ ఊరని అడిగాడు. ఊరి పేరు వినగానే చేతిలో కలం కింద పెట్టేశాడు.

"నీళ్లమ్మా. మీ బావుల నీళ్లల్లోనే ఉన్నది రోగం. దీనికి మందు లేదు."

"మరి నా బిడ్డ గిట్లనే అయితదా సారూ?"

"పెద్దోళ్లకు పట్టింది పోదు. ఈ పిల్ల ఎముక ఇంకా లేతది. వేరే నీళ్లు తాగితే నిలబడొచ్చు. నేనైతే మాట ఇయ్యలేను."

"ఏడికి పోవాలె సారూ?"

ఆయన తర్వాతి మనిషిని రమ్మని చెయ్యి ఊపాడు. వెనకాల వరసలో ఇంకా చాలామంది ఉన్నారు.

ఏడికి పోవాలన్న మాట ఇంటికి వచ్చేదాకా సుక్కమ్మ చెవిలో మోగుతూనే ఉంది. ఆ వారమే మరిది బీరన్న మందను తోలుకుని మేత కోసం దేశం పోదామని మాట ఎత్తాడు. మేత లేక అరవై రెండు గొర్రెలూ డొక్కలు ఎగరేస్తున్నాయి. బీరన్న నాలుగు దిక్కులూ తిరిగినవాడు.

"మరాఠ్వాడ దిక్కు పోవద్దొదినె. నల్లరేగడి. వాన పడ్డదంటే కాలు ఎత్తితే చెప్పు రాదు, ఎండకొడితే నీళ్లు పాతాళంల ఉంటయ్. నల్లమల దిక్కు చెట్టున్నది, నీడున్నది. పులీ ఉన్నది, చలిజ్వరమూ ఉన్నది. మైసూరు దిక్కు పోదాం. రాయచూరు అవతల తుంగభద్ర కాలువ వచ్చింది. కోతలయినంక మళ్లల్ల కొయ్యకాళ్లు, మందకు కావల్సినంత మేత."

"నీళ్లో?" అంది సుక్కమ్మ.

"నీళ్లకేమొదినె! తియ్యగుంటయ్."

బక్కమ్మ అరుగు మీది నుంచే గొణిగింది. "రాయచూరు మొన్నటిదాక మన రాజ్యమే. నైజాము పొయ్యి మూడు ముక్కలు చేసిండ్రు. ఇప్పుడు మైసూరట, బొంబాయట."

గుర్వయ్య మాత్రం మనిషంతా తిరిగి తమ్ముడి వైపు చూశాడు. "కాలువ కింది తడి నేల గొర్లకు పడదురా. గిట్టలు కుళ్లిపోతయ్. నేను పంప."

అతను అంత దూరం నడవలేడు, ఆ దేశం పోలేడు. పోలేనివాడు వద్దంటున్నాడని సుక్కమ్మకు తెలుసు. అయినా అనకూడని మాట అననే అన్నది. "నీ కాళ్లు నడవయ్. పిల్ల కాళ్లు గూడ గట్లనే కావాల్నా?"

 మర్నాడు పొద్దున గుర్వయ్యే గొర్రెల చెవుల గుర్తులు చూసి, మందను గుట్ట దిగేదాకా సాగనంపి, అక్కడే కర్ర మీద ఆనుకుని నిలబడిపోయాడు. సుక్కమ్మ మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది. అతను తిరగలేదు, కదలలేదు.

నడక పందొమ్మిది రోజులు. కల్వకుర్తి, జడ్చర్ల, పాలమూరు, మక్తల్. ఆగిన ప్రతిచోటా సుక్కమ్మ ముందు తను ఒక గుక్క తాగి, నాలుక మీద నిలిపి, ఆ తర్వాతే పిల్లకు పోసేది. ఒకచోట ఉప్పు, ఒకచోట చవుడు. బాగున్నాయనిపించిన నీళ్లను కూడా నమ్మలేకపోయేది, ఎందుకంటే తమ ఊరి నీళ్లు కూడా నాలుకకు ఏమీ తెలియనివ్వవు. చెడ్డ నీళ్లు ఎట్లుంటాయో తెలియకపోతే మంచి నీళ్లను పట్టుకోవడం ఎట్లా? కనపడినవాళ్ల మోకాళ్ల వైపు చూడడం అలవాటైంది. బావి దగ్గర ముసలాళ్లు గొంతుక్కూర్చుని లేస్తుంటే ఆగి చూసేది. పాలమూరు దాటాక ఒక ముసలమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని చటుక్కున లేచి నిలబడితే సుక్కమ్మకు కళ్ల నీళ్లు తిరిగాయి.

మక్తల్ దాటి కృష్ణ వంతెన మీదికి వచ్చేసరికి గొర్రెలు బెదిరి ముద్దగా ముడుచుకున్నాయి. కింద నల్లని బండల మధ్య నది పాయలుపాయలుగా పోతోంది. బీరన్న పొట్టేలు కొమ్ము పట్టుకుని ముందు నడిచాడు. వంతెన అవతల దిగగానే మాటలు మారిపోయాయి. అక్కడి గొర్రెలకాపరులైన కురుబలు కూడా తమలాగే బీరప్పనే కొలిచేవారు, గొంగడి కప్పుకునేవారు. వాళ్ల మాట సగం అర్థమయ్యేది, సగం చేతులతో తేల్చుకునేవారు.

సింధనూరు వైపు కాలువ చేరిన రోజు సుక్కమ్మ గట్టెక్కి నిలబడిపోయింది. కంటికి ఆనినంత దూరం మళ్లు. కోసిన వరి కొయ్యకాళ్లు పసుపుపచ్చగా, నారుమళ్లు చిలకపచ్చగా. నిండు కాలువ చప్పుడు లేకుండా పోతోంది. ఆ సాయంత్రం మూడు రాళ్ల పొయ్యి మీద కందిపప్పు పెట్టింది. తమ ఊళ్లో ఎంతసేపు ఉడికించినా గింజ గింజగానే ఉండే పప్పు ఇక్కడ మూడు పొంగులకే వెన్నలా అయిపోయింది.  ఇంతకాలం తన చేతి వంట బాగుండదనుకుంది, అత్త కూడా అదే అనేది.

మందను ఒక క్యాంపు దగ్గర మళ్లలో కట్టారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబాలు కట్టుకున్న ఊరది. ఆ మళ్లవాళ్ల ఇంటావిడ నిర్మలమ్మ మజ్జిగ ఇచ్చి, పిల్లను దగ్గరికి పిలిచి, సుక్కమ్మ మాటలకు నవ్వేది.

"ఇంత పచ్చగున్నదమ్మా మీ జాగ. గిసొంటిది నేను ఎన్నడు సూడలే," అంది సుక్కమ్మ.

"ఇదా పచ్చదనం? అయ్యో పిచ్చిదానా!" నిర్మలమ్మ పైట నోటికడ్డం పెట్టుకుంది. "మా వైపొచ్చి చూడు. ఏ గట్టు మీద చూసినా కొబ్బరిచెట్లే. ఇక్కడికొచ్చిన కొత్తలో ఈ బోడి నేలా, ఈ వడగాలీ చూసి నెల్రోజులు ఏడ్చాను నేను."

"మరి ఎట్ల ఉంటున్నవమ్మా?"

"ఎట్లానో ఉంటున్నాం. అక్కడ నలుగురన్నదమ్ములకీ కలిపి రెండెకరాలు. పచ్చదనం చూస్తూ కూచుంటే కడుపు నిండదుగా?"

"మా దిక్కు నేలకైతే కొదువ లేదమ్మా," అంది సుక్కమ్మ, నీళ్ల మాట ఎత్తకుండా.

పుష్యమాసం వచ్చేసరికి గుర్వయ్య అన్నంతా అయింది. తడి గడ్డి తిన్న గొర్రెలకు దవడ కింద నీళ్ల సంచుల్లా వాచింది, గిట్టల మధ్య పుండ్లు పడ్డాయి. కుంటుతూ నాలుగడుగులు వేసి మోకాళ్ల మీద పడిపోయేవి. మొదటి వారం మూడు పోయాయి, రెండో వారం ఏడు. బీరన్న చచ్చిన ఈతగొర్రెను పక్కకు ఈడుస్తూ గట్టిగా ఏడ్చాడు.

"ఒదినె, రేపే తిరుగుదాం. ఈ నేల మనది గాదు. ఇంకో నెల ఉంటే మంద ఉండదు."

సుక్కమ్మ పిల్ల వైపు చూసింది. యాదలక్ష్మి గట్టు మీద దూడ వెంట పరుగెత్తుతోంది. కాళ్లు బాగుపడ్డాయా? వంకర ఎక్కువేమీ కాలేదు, అంతే. రెండు నెలల్లో ఏం తెలుస్తుంది? ఈ నీళ్లతో మనిషి బాగుంటాడేమో, గొర్రె చస్తోంది. ఆ గుట్టల్లో గొర్రె బాగుంటుంది. భర్త కంటే, అత్త కంటే, ఈ పిల్ల ప్రాణమే ఎక్కువా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?  సాయంత్రం నిర్మలమ్మ దగ్గరికి పోయి నాటుకు మనిషి కావాలా అని అడిగింది. కావాలంది ఆవిడ. పశువుల కొట్టం పక్కన గుడిసె ఉంది, ఉండమంది.

"నువ్వు మందను తోలుకపో బీరన్నా," అంది సుక్కమ్మ పొద్దున్నే. "నేను ఈడనే ఉంట."

"ఒంటిగనా? అన్నకు నేనేం జెప్పాలె?"

"రమ్మన్ననని జెప్పు. బస్సెక్కి రమ్మను."

"రాకపోతే?"

 ఆ ప్రశ్న సుక్కమ్మను మూడు నెలలు తిన్నది. చదువు రాదు, ఉత్తరం లేదు. నాటు వేస్తూ నడుము వంచినప్పుడల్లా అత్త గుర్తొచ్చి తటాలున నిటారుగా నిలబడేది. మాఘంలో యాదలక్ష్మికి చలిజ్వరం పట్టుకుంది. మళ్లమీది దోమలు. పిల్ల గొంగడి కింద పళ్లు టకటక కొట్టుకుంటూ వణికిపోతుంటే, ఎముక కాపాడుకుందామని వచ్చి ప్రాణమే పోగొట్టుకుంటున్నానా అని సుక్కమ్మ పెనం మీద రొట్టెలా మాడిపోయింది. నిర్మలమ్మ పెనిమిటి సైకిలు మీద సింధనూరు పోయి చేదుమాత్రలు తెచ్చాడు. అయిదో రోజుకు జ్వరం దిగింది. ఆ అయిదు రోజుల్లో సుక్కమ్మ రెండుసార్లు మూట కట్టింది, రెండుసార్లు విప్పింది.

చైత్రంలో ఒక మధ్యాహ్నం రోడ్డు మీద బస్సు ఆగి, కండక్టరు ఒక మనిషిని రెండు చేతులతో పట్టి దించాడు. కొయ్యలా నిలబడ్డాడు ఆ మనిషి. పక్కకు చూడడానికి నెమ్మదిగా మనిషంతా తిరిగాడు. సుక్కమ్మ చేతిలో నారుకట్ట వదిలేసి బురద కాళ్లతోనే పరుగెత్తింది.

"పందొమ్మిది గొర్లు సచ్చినయే," అన్నాడు గుర్వయ్య మొదటి మాటగా. తర్వాత పిల్లను దగ్గరికి లాగి మోకాళ్లు తడిమాడు. చాలాసేపు తడిమాడు. "అవ్వనే తోలింది నన్ను. నేను బీరన్న కాడ ఉంట, నువ్వు పో, ఒక్కదాన్ని ఉంచకు అన్నది."

అతనికి ఆ చోటు నచ్చలేదు. నీళ్లు బాగున్నాయి, పప్పు ఉడుకుతోంది, తిండి అరుగుతోంది, అన్నీ ఒప్పుకున్నాడు. అయినా సాయంత్రమైతే కాలువ గట్టున కర్ర మీద ఆనుకుని నిలబడి దిక్కుతోచనట్టు చూసేవాడు. "ఈడ కన్ను ఆనేటందుకు ఒక్క గుట్ట లేదేమే. చూపు పోతనే ఉంటది, ఏడ ఆగాల్నో తెల్వదు," అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఒకరోజు తనకు చెప్పకుండా బస్సెక్కి పోతాడేమోనని సుక్కమ్మకు భయం వేసేది. పని నుంచి వచ్చేటప్పుడు దూరం నుంచే గట్టు మీద అతని గొంగడి కోసం వెతికేది.

అతను పోలేదు. మెడ బాగుపడలేదు, అయితే ఇంకా బిగుసుకోనూ లేదు. ఆరిన మెరక మీద నాలుగు మేకలను మేపుకునేవాడు, చెరుకు తోటకు కాపలా పోయేవాడు.

అరవై తొమ్మిదిలో బీరప్ప పండుగకు ముగ్గురూ ఊరికి వచ్చారు. యాదలక్ష్మికి ఏడేళ్లు. మోకాళ్లు కొంచెం దగ్గరగానే ఉన్నా పిల్ల గంతులేస్తుంది, గొంతుక్కూర్చుంటుంది, ఎవరి సాయమూ లేకుండా లేస్తుంది. కొత్తగా వస్తున్న పళ్ల మీద మాత్రం పాత నీళ్ల గోధుమరంగు చారలున్నాయి. సుక్కమ్మ వాటిని చూడకుండా ఉండడం నేర్చుకుంటోంది.

బస్సు దిగి నడుస్తుంటే ఎర్రని బండలు, సీతాఫలం పొదలు, వాటి మీదుగా గొర్రెల వాసన మోసుకొచ్చే పొడిగాలి. గుర్వయ్య ముఖం వెలిగిపోయింది.  సుక్కమ్మకు కూడా ఇంత అందమైన చోటు విడిచి ఎట్లా ఉంటున్నానా అనిపించింది.

బక్కమ్మ ఇప్పుడు దాదాపు సగానికి మడిచినట్టుంది. మనవరాలి చప్పుడు విని, కుండలోంచి చెంబు ముంచి, తొణక్కుండా తెచ్చి చాచింది. "ఎండల వడి వచ్చినవు బిడ్డా, తాగు."

పిల్ల చెంబు అందుకుంది. సుక్కమ్మ చెయ్యి ముందుకు పోయి మధ్యలో ఆగింది. ముసలామె చేతుల మీదుగా ఆ నీళ్లను ఎట్లా లాక్కోవడం? గుర్వయ్య కూడా కదల్లేదు. పిల్ల రెండు గుక్కలు తాగింది.

బక్కమ్మ తల ఎత్తలేదు, ఎత్తలేదు గనుక కోడలి ముఖం చూడనే లేదు. చెంబు తిరిగి తీసుకుని, మిగిలిన నీళ్లు వాకిట్లో పారబోసింది.

"పండుగ ఎల్లుండికి అయిపోతది. ఆవలి దినం పొద్దుగల్ల బస్సున్నది," అంది. "దానికే పొండ్రి."