కళ్ళు మూసుకుని కొట్టిన దెబ్బ

నా చిన్నప్పుడు నేను మనస్ఫూర్తిగా అసహ్యించుకున్న మనిషి ఒక్కడే. మలయా కొసనున్న దీవి నగరంలో, యీషున్ పేటలో, మా ఫ్లాట్ల బ్లాకులోనే ఎనిమిదో అంతస్తులో ఉండేవాడు. అందరికీ ఆయన బాక్సింగ్ అంకుల్. పోయిన నెల ఆయన చనిపోతే, బ్లాకు అడుగున ఖాళీగా ఉండే వాయిడ్ డెక్‌లో శవపేటిక పక్కన నిలబడి ఒక్కొక్కరూ ఆయన ప్రేమ గురించి, పెద్ద మనసు గురించి మాట్లాడారు. అన్నీ విన్నాను. అందులో సగం నిజం కాదు. ఆయన ప్రేమించింది బాక్సింగ్‌ను, మనుషులను కాదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలన్న మర్యాద నాకూ తెలుసు. కానీ జరిగింది జరిగినట్టు రాయడమే నాకు చేతనైన మర్యాద.

ఆయన తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చారట. ఆ యాస మాత్రం ఈయన నోట్లో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. ఓడరేవులో పనిచేసి రిటైరయ్యాక కమ్యూనిటీ హాలులో కుర్రాళ్ళకు బాక్సింగ్ పోటీలు పెట్టడం మొదలుపెట్టాడు. రింగుకు తాళ్ళు బిగించడం, జతలు కుదర్చడం, పోస్టర్లు అంటించడం, డాక్టరును బతిమాలి తెచ్చుకోవడం, అన్నీ ఆయనే. గంట మోగగానే మాత్రం ఇవన్నీ వదిలేసి, మెడలో కెమెరాతో రింగు అంచున మోకాళ్ళ మీద కూర్చునేవాడు. ఆయనకు ఎడమ కంట్లో చూపు లేదు. ఫోటో తీసేటప్పుడు ఆ కన్ను మూసే శ్రమ తప్పిందని బ్లాకులో వాళ్ళు నవ్వుకునేవారు, ఆయన వినకుండా.

మా కొత్త ఫ్లాట్లలో కిటికీలు లేని ఒక చిన్న గది ఉంటుంది. యుద్ధం వస్తే దాక్కోవడానికి ప్రభుత్వమే ఇనప తలుపు పెట్టి కట్టించిన గది. అందరూ అందులో బియ్యం బస్తాలు, పాత సూట్‌కేసులు పడేసుకుంటారు. ఆయన దాన్ని ఫిల్ము కడుక్కునే చీకటి గదిగా మార్చుకున్నాడు. పాపం, ఆంటీ బియ్యం బస్తా ఏళ్ళ తరబడి హాల్లో సోఫా పక్కనే ఉండిపోయింది.

అప్పట్లో కంప్యూటర్ ఉద్యోగాలకు మనవాళ్ళు విమానాల నిండా దిగుతున్నారు. గుంటూరు నుంచి ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని మీద మా నాన్న కూడా అలాగే వచ్చాడు. మేమంటే అంకుల్‌కు గిట్టదు. లిఫ్టులో నాన్న నమస్కారం పెడితే, "ఇంకా ఎన్నాళ్ళుంటారేటి బాబూ?" అని అడిగేవాడు. పిల్లలను కొట్టుకోబెట్టి ఫోటోలు తీసుకునే పెద్దమనిషి మనకు చెప్పొచ్చాడని నాన్న ఇంటికొచ్చి గొణుక్కునేవాడు.

ఆయన చెల్లెలి మనవడు నా క్లాసులో ఉండేవాడు. నేను ఇంగ్లీషులో నోరు తెరిస్తే చాలు, వాడు మరమనిషిలా గొంతు బిగబట్టి, "కంప్యూటర్ టాకింగ్, లా" అని ఇక్కడి యాసలో అనేవాడు. క్లాసంతా నవ్వేది. నాకు మాటకు మాట వెంటనే తోచదు. తోచేసరికి బడి వదిలేసేవారు. వాణ్ణి నలుగురి ముందు కొట్టాలి, కొట్టినందుకు నన్ను ఎవరూ తప్పుపట్టకూడదు. అలాంటి చోటు యీషున్ మొత్తంలో ఒక్కటే ఉంది. నేను వెళ్ళి బాక్సింగ్‌లో చేరాను. అమ్మ వద్దంది. నాన్న మాత్రం కారణం విని సరేనన్నాడు.

సెలవులన్నీ సాధన చేశాను. నేర్పడానికి వేరే కోచ్ ఉండేవాడు. అంకుల్ మాత్రం సాధనలో కూడా ఫోటోలు తీసుకుంటూ తిరిగేవాడు. ఆయన పద్ధతి ఏమిటంటే, బరువూ వయసూ సరిపోయినా సరే, ఫోటోలు కడిగి చూసుకోనిదే ఏ కుర్రాణ్ణీ రింగులోకి పంపడు. కొత్తవాళ్ళకు ఆ సంగతి చెప్పేవాడు కాదు. నాకూ వాడికీ జత కుదిరిందని కోచ్ చెప్పినప్పుడు, ఇక అడ్డేమీ లేదనుకున్నాను.

పోటీ ఆదివారం. నాన్న ఆఫీసు స్నేహితులను కుటుంబాలతో సహా పిలిచాడు. ముందు వరసలో కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి, ఇక్కడి పద్ధతిలో అన్నిటినీ చోప్ చేశారు, అంటే ముందే పట్టేసుకున్నారు. నేను గ్లవ్స్ తొడుక్కుని నిలబడ్డాను. అంకుల్ నా దగ్గరకొచ్చి, నా చెయ్యి పట్టుకుని, కత్తెరతో గ్లవ్స్ టేపు కోసేశాడు.

"నువ్వీయేళ పోటీలో నేవు. ఎల్లి కూకో."

నాన్న కుర్చీలోంచి లేచి వచ్చాడు. అంకుల్ చొక్కా జేబులోంచి చిన్న చిన్న ఫోటోల పట్టీ తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"మీవోడు కొట్టినప్పుడల్లా కళ్ళు మూసేస్తన్నాడు."

"ఫోటో అంటే సెకనులో వందో వంతండీ. రెప్ప వేసుంటాడు. దాన్ని పట్టుకుని తేల్చేస్తారా?"

"ఒకటి కాదు బాబూ. అన్నీ సూడు."

నాన్న చూశాడు. నేనూ తొంగి చూశాను. చెయ్యి ఎత్తినప్పుడు నా కళ్ళు తెరిచే ఉన్నాయి. చెయ్యి తగిలే ప్రతిచోటా గట్టిగా మూసుకుని ఉన్నాయి. నాన్న లెక్కల మనిషి. అన్ని రెప్పపాట్లు ఒకేచోట కలవవని ఆయనకు తెలుసు. అందుకే ఇంకో దారి పట్టాడు.

"మీ మనవణ్ణి కాపాడుకుంటున్నానని చెప్పండి, ఒప్పుకుంటాను."

"అవును. ఆణ్ణే కాపాడుకుంటన్నాను. మీవోడి దగ్గిర్నుంచి."

ఆ మాట హాలంతా వినిపించింది. అవతలి మూల నుంచి వాడు కళ్ళు గట్టిగా మూసుకుని, గాల్లోకి చేతులు విసిరి చూపించాడు. ముందు వరసలో కూర్చున్న మా వాళ్ళు కూడా కొందరు నవ్వారు.

మర్నాడు బడి నుంచి నేరుగా ఎనిమిదో అంతస్తుకు వెళ్ళాను. బస్తా తట్టుకోకు నాయనా అంటూ ఆంటీ ఇనప తలుపు చూపించింది. లోపల ఎర్ర దీపం. రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కొక్కటీ ఆయన మీద విసిరాను. పక్షపాతి అన్నాను, పిరికివాడు అన్నాను. ఆయన తడి ఫోటోలు తీగకు తగిలిస్తూనే అంతా విన్నాడు. తర్వాత, అడగకుండానే, ఎడమ కన్ను సంగతి చెప్పాడు. పదిహేడేళ్ళ వయసులో రింగులో ఉండగా ఎదుటివాడు కళ్ళు మూసుకుని చెయ్యి విసిరాడట. అప్పటి గ్లవ్స్‌కు బొటనవేలు విడిగా ఉండేది. అది వచ్చి కంట్లో దిగింది.

"ఆడు సెడ్డోడేం కాదు, నా నేస్తుడే. కళ్ళు మూసుకున్నాడు, అంతే."

ఆ మాట ముందే, నాకొక్కడికే చెప్పొచ్చు కదా అని అడిగాను. నలుగురిలో చెబితే గుర్తుంటుందన్నాడు. నిజమే, గుర్తుంది. అలా చెప్పినందుకు ఆయన్ను నేనిప్పటికీ క్షమించలేదు.

"ఇంక ఎల్లు. తలుపు గబుక్కున ఎయ్యి, ఎలుతురొస్తాది."

మళ్ళీ సాధనకు వెళ్ళాను. ఆ తర్వాత వారాల తరబడి, హాల్లో వేలాడే బాక్సింగ్ బస్తాను నేను కొడుతుంటే ఆయన ఎదురుగా నిలబడేవాడు. సరిగ్గా నా చెయ్యి తగిలే క్షణానికి ముఖం మీదే ఫ్లాష్ వెలిగించేవాడు. కళ్ళు మూస్తే మళ్ళీ మొదటి నుంచి. నీళ్ళు కారేవి, తల పగిలిపోయేది. ఒక్క మంచి మాట అనేవాడు కాదు. నాన్న ఆ హాలు వైపు మళ్ళీ రాలేదు. ఆయనతో పోట్లాడటానికైనా రాలేదు.

చివరికి ఆ జత మళ్ళీ కుదిరింది. నేను పాయింట్ల మీద ఓడిపోయాను. కానీ ఆ రోజు వాణ్ణి మొదటిసారి చూశాను. ఏడాదిగా నన్ను నవ్వులపాలు చేసిన ఆ ముఖంలో కింది పెదవి వణుకుతోంది. నా చెయ్యి లేచినప్పుడల్లా వాడు భుజాల్లోకి తల దాచుకుంటున్నాడు. వాడికీ భయమే. మరుసటి వారం క్లాసులో వాడు మళ్ళీ "కంప్యూటర్ టాకింగ్" అన్నాడు. కొందరు నవ్వారు కూడా. నాకు మాత్రం ఆ పెదవే గుర్తొచ్చింది. మేం స్నేహితులం కాలేదు. ఆ మాట నన్ను గుచ్చడం మాత్రం మానేసింది.

ఇప్పుడు నేను జురాంగ్ ఐలాండ్‌లో ఒక రసాయనాల ప్లాంటు కంట్రోల్ రూములో పనిచేస్తున్నాను. తెర మీద అలారాలన్నీ ఒకేసారి ఎర్రబడినప్పుడు చెయ్యి దానంతటదే ఏదో ఒక మీట వైపు పోతుంది. తప్పు నాది కాదని అవతలివాడి మీద అరవాలనిపిస్తుంది. అప్పుడు నా ముఖం మీద ఒక ఫ్లాష్ వెలిగినట్టవుతుంది. చెయ్యి ఆపి, ముందు చూస్తాను.

వాయిడ్ డెక్‌లో పెట్టడానికి ఆయన మంచి ఫోటో ఒక్కటీ దొరకలేదట. ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్న మనిషి మరి. పాస్‌పోర్టు ఫోటోనే పెద్దది చేయించి దండ వేశారు. అందులో రెండు కళ్ళూ తెరిచి సూటిగా చూస్తున్నాడు. ఆయన చెల్లెలి మనవడు వచ్చి నా పక్కన నిలబడి, "స్టిల్ క్లోజింగ్ యువర్ ఐస్, ఆ?" అన్నాడు, ఇంకా కళ్ళు మూసుకుంటున్నావా అని. లేదన్నాను.

ఆయన మీద కోపం పోలేదు. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాశాను. కాకపోతే, కళ్ళు తెరిచే రాశాను.